కనిపించని ముద్ర

లోకంలో చాలా వస్తువులకు రెండు ముఖాలుంటాయి. మొదటిది పదిమంది చూసి మెచ్చుకోవడానికి తీర్చిదిద్దినది. రెండవది గోడవైపు తిరిగి, ఎవరి మెప్పునూ కోరకుండా తన పని తాను చేసుకుపోయేది. మొదటి ముఖాన్ని ఎప్పుడైనా కడిగి, రంగులద్ది, కొత్తగా మార్చవచ్చు. రెండవ ముఖాన్ని ఎవరూ చూడరు గనుక దానికి మెరుగుపెట్టాలన్న ఆలోచన సాధారణంగా ఎవరికీ రాదు. అందువల్లనే ఒక్కొక్కప్పుడు వస్తువు అసలు చరిత్ర ఆ వెనుక వైపునే భద్రంగా మిగిలి ఉంటుంది. "పైన పటారం, లోన లొటారం" అన్న సామెత మనుషుల గురించి పుట్టినదే అయినా, వేగానికి పేరుపడ్డ పాతకాలపు కార్లను పరీక్షించే నిపుణులకు అది దినచర్యలో భాగమైన హెచ్చరిక.

అటువంటి కార్ల డాష్‌బోర్డులో వరుసగా అమరిన గుండ్రని మీటర్లు చూపరులను ఇట్టే ఆకర్షిస్తాయి. నల్లని డయలు, తెల్లని అంకెలు, సన్నని ముల్లు, చుట్టూ మెరిసే వలయం అందరికీ కనిపించేవి. నిపుణుడు మాత్రం వాటిని చూసి తృప్తిపడడు. మీటరును బయటకు తీసి, వెనుకకు తిప్పి, దాని తొడుగును చూస్తాడు. యంత్రభాగాలను తనలో దాచుకొన్న లోహపు డబ్బా, ముందున్న అద్దాన్ని పట్టి ఉంచే వలయం, వెనుక బిగించే పట్టీ, ఇవన్నీ కలిసినదే మీటరు తొడుగు. కారుతోపాటు కర్మాగారంలో అమర్చిన తొడుగేదో, తరువాత వచ్చి చేరిన తొడుగేదో గుర్తించడం ఒక విద్య. దానికి కంటి చూపు ఎంత అవసరమో, మనసులో నిజాయితీ అంతకంటె ఎక్కువ అవసరం.

ఈ విద్యకు ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం ఉంది. జర్మనీకి చెందిన పోర్షే సంస్థ 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఒక కొత్త కారును లోకానికి చూపింది. అదే తరువాత 911గా ప్రసిద్ధి పొందింది. దాని డాష్‌బోర్డులో ఐదు గుండ్రని మీటర్లు ఉంటాయి. వాటి నడుమ అన్నిటికంటె పెద్దదిగా ఉండేది కారు వేగాన్ని కాక ఇంజను చుట్ల వేగాన్ని చూపే మీటరు. ఈ వంశంలోనే 1972, 1973 సంవత్సరాలలో కరెరా ఆర్.ఎస్. 2.7 అనే కారు వెలువడింది. పోటీలలో పాల్గొనే అర్హతకు 500 కార్లు చాలు. కాని ఆదరణ మిక్కుటం కావడంతో 1,580 కార్లు తయారయ్యాయి. లోకమంతటా ఉన్న అభిమానులకు ఆ సంఖ్య ఏ మూలకు? అందుచేత సామాన్యమైన 911 కారును తెచ్చి, ఆర్.ఎస్. రూపం దిద్దడం మొదలైంది. "ఇది అనుకరణ" అని చెప్పి చేసినంతకాలం అందులో తప్పేమీ లేదు. ఆ మాటను దాచిపెట్టి అమ్మినప్పుడే అభిమానం మోసంగా మారుతుంది. కొనుగోలుదారు జీవితకాలపు పొదుపు ఆ మాట మీదనే ఆధారపడి ఉంటుంది.

తొడుగు చెప్పే కథను చదవాలంటే ముందుగా దానిలోపల జరిగే పనిని గ్రహించాలి. కారు వేగాన్ని కొలిచే స్పీడోమీటరుకు జర్మనీకి చెందిన ఓటో షుల్జ్ 1902లో ఒక పేటెంటు నమోదు చేశాడు. దశాబ్దాల తరబడి కార్లలో నిలిచినది ఆ సూత్రమే. గేరుపెట్టె నుండి బయలుదేరిన వంగే కేబులు మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతానికి తగలకుండా, అతి చేరువలో అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. అయస్కాంతం తిరిగినప్పుడు గిన్నెలో విద్యుత్ సుడులు పుట్టి, దానిని తమతోపాటు తిప్పజూస్తాయి. వెంట్రుకవంటి స్ప్రింగు దానిని వెనుకకు లాగుతుంది. ఈ రెండు బలాలు సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. అదే కేబులు పళ్లచక్రాల ద్వారా కారు తిరిగిన దూరాన్ని చూపే అంకెల చక్రాలను కూడా నడుపుతుంది. అంటే ఒక్క తొడుగులోపలనే కారు వేగమూ, కారు వయస్సూ కలిసి కాపురముంటాయన్నమాట.

పోర్షే మీటర్లను తయారుచేసినది వి.డి.ఓ. అనే జర్మన్ సంస్థ. ఆ కాలపు వి.డి.ఓ. మీటరు తొడుగు వెనుక అది తయారైన నెల, సంవత్సరం అచ్చుగుద్ది ఉంటాయి. మీటరు ముందు తయారై, కారు కర్మాగారానికి చేరి, తరువాత కారులో బిగుస్తుంది. కనుక మీటరు తేదీ కారు తేదీకంటె కొంచెం ముందుండాలి. 1973 ఏప్రిల్‌లో తయారైన కారులో 1974 ముద్ర గల మీటరు కనిపిస్తే, అది ఆ కారుతో పుట్టినది కాదని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. బిడ్డ పుట్టిన తరువాత తల్లి పుట్టిందంటే ఎవరు నమ్ముతారు? వి.డి.ఓ. తొడుగులో ముందు వలయపు అంచును వెనుకకు మడిచి, నొక్కి బిగిస్తారు. దానిని విప్పాలంటే ఆ మడతను పైకెత్తక తప్పదు. ఎంత నేర్పుగా ఎత్తినా, మళ్లీ నొక్కినా, లోహం మీద పనిముట్టు జాడలు చాలావరకు మిగులుతాయి. ఆ జాడలు చూడగానే లోపలికి ఎవరి చేయో వెళ్లిందని నిపుణుడు గ్రహిస్తాడు.

ఇంగ్లండువారి పద్ధతి వేరు. అక్కడి ప్రసిద్ధ కార్లలో ఎన్నింటికో మీటర్లు చేసి ఇచ్చిన స్మిత్స్ సంస్థ 1851లో లండనులో గడియారాల వ్యాపారంగా మొదలైంది. 1961 మార్చిలో జెనీవాలో తొలిసారి కనిపించిన జాగ్వార్ ఈ-టైపు కారులో ఆ సంస్థ మీటర్లే ఉన్నాయి. తొలినాటి ఈ-టైపులో ఇంజను చుట్లను చూపే మీటరు డయలులోనే చిన్న గడియారం ఒదిగి ఉండడం, ఆ సంస్థ పాత వృత్తిని జ్ఞాపకం చేసే ముచ్చట. స్మిత్స్ స్పీడోమీటరు డయలు అడుగున చిన్న అక్షరాలలో 'ఎస్.ఎన్.' అని మొదలయ్యే సంకేతమూ, మరొక సంఖ్యా ఉంటాయి. ఆ రెండవ సంఖ్య చాలా ముఖ్యమైనది. కారు ఒక మైలు దూరం పోయేసరికి కేబులు ఎన్ని చుట్లు తిరగాలో అది తెలియజేస్తుంది. ఈ తొడుగుల ముందు వలయానికి చిన్న నాలుకలుంటాయి. వలయాన్ని కొద్దిగా తిప్పి, ఆ నాలుకలను తొడుగు అంచులోని గాట్ల ఎదుటికి తెస్తే అది ఊడివస్తుంది. కనుక తెరిచిన జాడ ఇక్కడ తొందరగా దొరకదు. లెక్కనే ఆశ్రయించాలి.

ఆ లెక్క ఇంటర్మీడియట్ విద్యార్థికి కష్టమైనదేమీ కాదు. మీటరు నుండి కేబులును విడదీసి, కారును నెమ్మదిగా తోస్తూ, వెనుక చక్రాలు ఆరు చుట్లు తిరిగేలోగా కేబులు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించాలి. ఆ సంఖ్యను 1680తో గుణించి, చక్రపు ఇరుసు మధ్య నుండి నేల వరకు గల ఎత్తుతో, అంగుళాలలో, భాగిస్తే మైలుకు చుట్ల సంఖ్య వస్తుంది. కేబులు తొమ్మిది చుట్లు తిరిగి, ఎత్తు 12.6 అంగుళాలున్నదనుకొంటే ఫలితం 1200. డయలు మీద కూడా ఆ సంఖ్యే ఉంటే మీటరూ కారూ ఒకదానికొకటి తగినవి. లేకుంటే మీటరైనా మారి ఉండాలి, గేర్ల నిష్పత్తి అయినా మారి ఉండాలి.

ఈ విద్య మనుషుల జీవితాలను ఎలా తాకుతుందో తెలుసుకోవడానికి ఒక సన్నివేశాన్ని ఊహించవచ్చు. ఇంగ్లండులో ఒక యువతికి తండ్రి మరణానంతరం ఆయన ఈ-టైపు కారు సంక్రమించింది. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని తిరిగిన కారు అది. ఇంటి అప్పు తీర్చడానికి దానిని అమ్మక తప్పని స్థితి. మీటరులో దూరం 42,000 మైళ్లు. ఇంత తక్కువ తిరిగిన కారుకు మంచి ధర పలుకుతుందని ఆమె ఆశ. అమ్మకానికి ముందు మీటర్లను శుభ్రం చేయించాలని ఒక వృద్ధ నిపుణుని వద్దకు తీసుకొనిపోయింది.

ఆయన అలవాటు ప్రకారం లెక్క చూశాడు. కారుకు కావలసిన సంఖ్య 1200. డయలు మీద ఉన్నది 1120. ఆ మీటరుతో కారు నిజంగా 70 మైళ్ల వేగంతో పోతుంటే ముల్లు 75 చూపుతుంది. మీటరు ఆ కారుది కాదని ఆయన మెల్లగా చెప్పాడు. యువతి ముఖం వాడిపోయింది. ధర తగ్గుతుందన్న దిగులుకంటె పెద్ద దిగులు మరొకటి ఆమెను పట్టుకొంది. కారు గురించి అంత గర్వంగా చెప్పిన తండ్రి, లోకాన్ని మోసగించాడా?

వృద్ధుడు ఏమీ మాట్లాడక మీటరును బల్లపై బోర్లించి, తొడుగు మీది మురికిని మెత్తని గుడ్డతో తుడిచాడు. రేకు మీద సూదితో గీసిన సన్నని అక్షరాలు బయటపడ్డాయి. పాత మీటరు చెడిపోయేనాటికి 61,000 మైళ్లు, ఈ మీటరు వేరొక కారు నుండి తెచ్చినది, బిగించేనాటికి దీనిలో 12,000 మైళ్లు అని అందులో ఉంది. కింద తేదీ, తండ్రి పొడి అక్షరాల సంతకం. "అమ్మా, ఈ మీటరు మీ కారుది కాదు గాని, ఈ రాత మాత్రం మీ నాన్నగారిదే" అన్నాడు వృద్ధుడు.

లెక్క మళ్లీ మొదలైంది. ఈ మీటరు కారులో ఉండగా చూపిన దూరం 30,000 మైళ్లు. అది ఎక్కువగా చూపే మీటరు కనుక నిజమైన దూరం 28,000. పాత 61,000తో కలిపితే 89,000 మైళ్లు. ప్రకటనలో 42,000 అని వేస్తే కాదనేవారెవరూ లేరు. తొడుగును యథాస్థానంలో బిగిస్తే ఆ రాత మళ్లీ చీకటిలోకి పోతుంది. ఆమె కొంతసేపు ఆ అక్షరాలను వేలితో తడుముతూ ఉండిపోయింది. తరువాత కాగితం అడిగి తీసుకొని, మీటరు మారిన సంగతినీ, 89,000 మైళ్ల లెక్కనూ ప్రకటనలో తన చేత్తోనే రాసింది. తండ్రి చీకటిలో రాసిపెట్టిన నిజాన్ని ఆమె వెలుతురులోకి తెచ్చింది.

ఒక్క ఆనవాలును పట్టుకొని తీర్పు చెప్పరాదన్నది ఈ విద్యలో మొదటి నియమం. తేదీ కలవకపోవడానికి మోసమే కారణం కానక్కరలేదు. ప్రమాదంలో పగిలి ఉండవచ్చు, మరమ్మతుకు వీలుకాక మార్చి ఉండవచ్చు. తేదీ, సంకేతం, చుట్ల సంఖ్య, స్క్రూల మీది గాట్లు, రంగు వెలసిన తీరు, పాత రసీదులు ఇవన్నీ ఒకే మాట పలికినప్పుడే నమ్మకం కుదురుతుంది. ఉత్సాహం కొద్దీ ప్రతి తొడుగునూ తెరవడం కూడా ప్రమాదమే. కొన్ని పురాతన మీటర్ల డయళ్లకు చీకటిలో వెలగడం కోసం రేడియం కలిసిన రంగు పూశారు. వెలుగు ఏనాడో ఆరిపోయినా రేడియం శక్తి సగానికి తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. ఆ పొడి శ్వాసలోకి పోవడం ఆరోగ్యానికి హాని. అటువంటి వాటిని తగిన రక్షణ, అనుభవం గలవారే ముట్టాలి.

మార్చడం తప్పు కాదు, మార్పును దాచడమే తప్పు అన్న భావన చట్టాలలోనూ కనిపిస్తుంది. అమెరికాలో 1972లో వచ్చిన ఒక చట్టం, మోసబుద్ధితో దూరపు అంకెలను వెనుకకు తిప్పడాన్ని నేరంగా నిర్ణయించింది. మరమ్మతు చేసిన మీటరులో పాత అంకెను నిలపడం సాధ్యం కాకపోతే, దానిని సున్నాకు చేర్చి, పాత దూరాన్నీ మార్చిన తేదీనీ రాసిన చీటీని కారు ఎడమ తలుపు చట్రానికి అతికించాలని అక్కడి నియమం. పురాతన వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫివా 2012లో ఆమోదించిన ట్యూరిన్ ప్రకటన కూడా, పునరుద్ధరణలో చేర్చిన కొత్త భాగాలు గుర్తుపట్టేలా ఉండాలనే చెబుతుంది. ఆ తండ్రి చట్టం చెప్పకపోయినా సూదితో చేసిన పని అదే.

మనిషి చేతి వస్తువులు అరిగిపోతాయి, విరిగిపోతాయి, ఒకదాని స్థానంలో మరొకటి వస్తుంది. అది కాలధర్మం. వచ్చిన మార్పును వచ్చినట్లుగా రాసిపెట్టడం మాత్రం మనిషి ధర్మం. ఎవరూ చూడని చోట, ఎప్పటికైనా ఎవరో ఒకరు చదువుతారన్న నమ్మకంతో రాసిన నాలుగు అక్షరాలు, ముందున్న మెరుగుకంటె ఎక్కువ కాలం నిలుస్తాయి.