అప్పు తీరాకే హజ్

హజ్ అంటే టిక్కెట్టు కొనుక్కుని మక్కాకు వెళ్లిరావడమే కదా అనిపిస్తుంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మాత్రం ఆ ప్రయాణం పద్దుపుస్తకం ముందేసుకోవడంతో మొదలవుతుంది.

స్తోమత ఉన్న ముస్లింలు జీవితంలో ఒక్కసారైనా హజ్ చేయాలి. స్తోమతంటే దారిఖర్చు ఒక్కటే కాదు. తిరిగొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ లోటుండకూడదు. అప్పులు తీర్చాలి, లేదా అప్పిచ్చినవాళ్ల అనుమతైనా తీసుకోవాలి. పంట అమ్మి బాకీ కట్టి, తొలకరికి మళ్లీ అప్పు చేసే మిర్చి, పత్తి రైతుకు అన్నిటికన్నా కష్టమైన షరతు ఇదే. బాకీ లేని ఏడాది కోసం ఎదురుచూస్తుండగానే వయసు మీదపడుతుంది!

పైగా, చాంద్రమానం ప్రకారం హజ్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2006లో అయితే జనవరిలో ఒకటి, డిసెంబరు చివర్లో మరొకటి... ఒకే ఏడాదిలో రెండుసార్లు వచ్చింది. ఒకటి మిరపకోతలప్పుడు, ఇంకొకటి పత్తితీతలప్పుడు.

తాతల కాలంలో దారి ఇంకా దూరం. రైల్లో బొంబాయి చేరి, ఓడెక్కి రోజుల తరబడి సముద్రం మీద జెడ్డాకు వెళ్లేవారు. ఆ ఓడలు 1995లో ఆగిపోయాయి. విమానచార్జీల మీద సబ్సిడీని 2018లో ఎత్తేశారు. 2023లో గన్నవరం నుంచే హజ్ విమానాలు బయల్దేరాయి. మక్కాలో నిజాంల కాలంనాటి ఉచిత బస 'రుబాత్' మాత్రం పాత హైదరాబాద్ సంస్థానం జిల్లాలవారికే. 1788లోనే ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లిన గుంటూరువారికి అందులో చోటు లేదు.

డబ్బు బాకీ తీరినా మాట బాకీ ఉంటుంది. అందుకే బయల్దేరేముందు చుట్టాలు, ఇరుగుపొరుగుల ఇళ్లకు వెళ్లి 'అన్నవీ విన్నవీ మన్నించండి' అని అడుగుతారు. గట్టు తగాదాతో ఏళ్లుగా పలకరింపుల్లేని అన్నదమ్ముల గడప తొక్కడం కొందరికి అప్పు తీర్చడంకన్నా కష్టం.

అక్కడికెళ్లాక మగవాళ్లందరిదీ ఒకటే వేషం... కుట్టులేని రెండు తెల్లబట్టలు, ఇహ్రాం. పత్తి ఏకి పరుపులు కుట్టిన దూదేకుల తాతకూ, పదెకరాల ఆసామికీ తేడా ఉండదు.

జంజం నీళ్లు, ఖర్జూరాలు ఊరందరికీ పంచుతారు, హిందువుల ఇళ్లకూ వెళతాయి. ఆరోజు నుంచి ఆయన 'హాజీగారు'. ఆ పిలుపు ఊరికే రాదు. తూకంలో తేడా వచ్చినా, మాట తప్పినా 'హజ్ చేసొచ్చి కూడానా!' అనేస్తారు. తొలకరికి మళ్లీ అప్పు తప్పకపోవచ్చు. చెప్పిన గడువుకు తీర్చడంలో మాత్రం హాజీగారికి మినహాయింపు ఉండదు.