వర్ణము

సంస్కృతమున వర్ణమనగా రంగు, కులవిభాగమును వర్ణమే, అక్షరమును వర్ణమే. ఘంటసాలలో పిల్లలకు పాఠము చెప్పునప్పుడు ఈ మాట వచ్చినచో మేము అక్కడ కొంత తడవు నిలుతుము. మొదటి రెండర్థములను బట్టుకొని మనుష్యుల హెచ్చుతగ్గులు నిర్ణయించినవారు లోకమంతట గలరు. మూడవదానిని చేతబట్టి వారి నెదిరించినవారు కవులు.

ఇంగ్లీషు చదివిన మావంటివారికి ఇట్టి కవులనగానే అమెరికా నల్లవారు స్ఫురింతురు. 1919 వేసవిలో ఆ దేశపు నగరములలో తెల్లవారి మూకలు నల్లవారిమీద బడి చంపినప్పుడు, జమైకాలో పుట్టి అమెరికా చేరిన క్లాడ్ మెకే తన కోపమును సానెట్టుగా వ్రాసెను. పదునాలుగు పాదముల ఆ ఛందము షేక్స్పియరు చేపట్టినది. ఇంగ్లీషువారు తమ యింటి సొమ్మని చెప్పుకొనునది. నల్లవానికి సాహిత్యము చేతకాదనువారికి ఆ ఛందమే సగము జవాబు. తక్కిన సగము అందలి మాట.

మన గుఱ్ఱం జాషువ చేసినదియు నిదియే. 1895లో వినుకొండలో పుట్టిన ఈ కవి 1941లో 'గబ్బిలము' ప్రకటించెను. కాళిదాసు యక్షుడు మేఘమును పంపెను. అతని బాధ ప్రియురాలి యెడబాటు. జాషువ నాయకుడు అంటరానివాడు. అతని మొఱ కాశీ విశ్వనాథునకు చేరవలెను. తానై పోవుదమన్న గుడిలోనికి రానీయరు. అందుచే గబ్బిలమును వేడుకొనును. ఏమి యెంపిక! మేఘము అందఱకు ముద్దైనది. గబ్బిలము ఇంట దూఱిన అపశకున మందురు. అయినను గర్భాలయపు కప్పున వ్రేలాడునప్పుడు దాని కుల మెవ్వరును అడుగరు. మా ప్రాంతపు పాత గుడులలో దీపము పట్టుకొని పైకి చూచినవారికి ఈ సంగతి వ్యాఖ్యానము లేకయే బోధపడును.

మేఘదూతమును పాఠము చెప్పినవారమై మేము ఒకటి చెప్పగలము: ఇది అనుకరణము కాదు. సంస్కృతము మాది, నీవు ముట్టరాదన్నవారి యెదుట ఆ సంస్కృత కవి త్రోవనే నడచి చూపుట. బందరులో నెందఱికో చదువు చెప్పిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు ఆయన కాలికి స్వయముగా గండపెండేరము తొడిగి, తమ జన్మ ధన్యమైనదనిరి. పండితులందఱు అట్టివారు కారు.

'అమెరికాది రంగు తగవు, మనది కులము తగవు. రెంటికిని పోలిక యేమి?' అని పెద్దలు కొందఱందురు. (ఇట్లనువారి యిండ్లు మా యూరి బౌద్ధస్తూపమునకు కూతవేటు దూరముననే యున్నవి; కులము చూడక భిక్షువులను చేర్చుకొన్న ధర్మమునకు కట్టిన కట్టడమది.) పోలికను మేము కల్పింపలేదు, కవులే పట్టిరి. గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనము వలదని పాట కట్టి 1922లో చెఱకు బోయెను. ఆ పాట ఊరూర మ్రోగిన కాలముననే రాజమహేంద్రవరపు కుసుమ ధర్మన్న నల్లదొరతనము వలదని వేఱొక పాట కట్టెను. ప్రధానముగా మార్చినది ఒక్క మాట. తెల్లవాని క్రింద మనము పడిన అవమానమును, మన క్రింద మాలమాదిగలు పడిన అవమానమును ఒక్క త్రాసున పెట్టి తూచెను. స్వరాజ్యము గోరువారికి చేదైన మాటయే. మా దృష్టిలో ఇంతకంటె న్యాయమైన మాట లేదు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దు చేసినది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. కారంచేడులో తగవు త్రాగునీటి చెఱువు వద్ద మొదలైనది, ఆరుగురు హతులైరి. చుండూరున ఎనమండుగురు. చుండూరు మాకు కృష్ణ ఆవలి డెల్టాలోనే యున్నది. ఆ నెత్తుటి తరువాత వచ్చిన కవులు పెక్కుమంది పద్యమును విడిచి వచనకవిత పట్టిరి. 1995లో వెలువడిన 'చిక్కనవుతున్న పాట'లో వారి గొంతు వినవచ్చును. దేవునికి మొఱపెట్టుకొను ఓపిక వారికి లేదు. ఆ కటువుదనము మావంటి పద్యప్రియుల చెవికి మొదట నొప్పి కలిగించును. నొప్పించుటకే వ్రాసిరి గదా.

జాషువను చదివిన యిండ్లు కొన్నియే గాని, విన్న యిండ్లు లెక్కలేనివి. హరిశ్చంద్ర నాటకమున కాటిసీను వచ్చినప్పుడు నటులు పాడు శ్మశానపు పద్యములలో ప్రసిద్ధములు ఆయనవి; బలిజేపల్లివారి నాటకమున తరువాత వచ్చి చేరినవి. మా వైపు ఆ పద్యములకు 'ఒన్సుమోరు' లేని రాత్రి యుండదు. ఒక తిరునాళ్ళలో మా ప్రక్క కూర్చున్న మోతుబరి రైతు మూడు మారులు కేకవేసెను. ఆయన యింటి పెరటి గోడమీద పాలేరునకై వేఱుగా బోర్లించిన గ్లాసును మేమెఱుగుదుము. పద్యమెవరిదో చెప్పితిమి.

'ఎవరిదైతే ఏం మేష్టారూ, పద్యం పద్యమే!' అనెను.

'అయితే గ్లాసూ గ్లాసే గదండీ?' అంటిమి.

ఆయన చుట్ట వెలిగించుకొని వేదికవైపు తిరిగెను. హార్మోనియము మరల అందుకొన్నది.