ఎండలో పడివున్న అమరావతి

చెన్నై ఎగ్మూరులో, పాంథియన్ రోడ్డు మీద ఉన్న ప్రభుత్వ మ్యూజియం ఒక్క భవనం కాదు. దాదాపు 16 ఎకరాల తోటలో వేర్వేరు కాలాల్లో లేచిన కట్టడాల సముదాయం. సందర్శకుల్లో చాలామంది నేరుగా కంచు విగ్రహాల శాలకు, అక్కడి తిరువాలంగాడు నటరాజు దగ్గరకు నడుస్తారు. పిల్లలు వెంట ఉన్నవారు 1874లో మంగుళూరు తీరానికి కొట్టుకువచ్చిన తిమింగలం అస్థిపంజరం దగ్గర ఆగిపోతారు. తెలుగు సందర్శకునికి మాత్రం ఇక్కడ మరొక దారి ఉంది. అది బయటి చెట్ల కింద మొదలై అమరావతి శిల్పశాలకు చేరుతుంది. తోటను దాటవేసి శాలలోకి వెళ్లినవారికి ఆ రాళ్ల కథలో సగమే తెలుస్తుంది.

ఈ తోట మ్యూజియం కంటే పాతది. 1778లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి హాల్ ప్లమర్‌కు ఇక్కడ 43 ఎకరాలు మంజూరయ్యాయి. 1793లో ఆ స్థలం నగరంలోని దొరల వినోదాలను నిర్వహించే 24 మంది కమిటీ చేతికి వచ్చింది. వారి విందులకు, నృత్యాలకు వేదికైన మేడకు పాంథియన్ అని పేరు. 1821లో ఒక ఆర్మీనియన్ వర్తకుడు కొన్న ఆ మేడను 1830లో ప్రభుత్వం తిరిగి కొని కచేరీకి వాడుకుంది. నుంగంబాక్కంలో 1851లో తెరిచిన మ్యూజియం చోటు చాలక 1854లో ఇక్కడికి మారింది. మరుసటి ఏడు దాని తొలి అధికారి, వైద్యుడైన ఎడ్వర్డ్ బాల్‌ఫోర్ ఇదే తోటలో జంతుప్రదర్శనశాల కూడా పెట్టించాడు. జంతువులను 1863లో వేరే చోటికి తరలించారు గాని, అప్పటికే ఈ తోటకు అంతకంటే పాత అతిథులు వచ్చి ఉన్నారు.

కృష్ణాతీరాన అమరావతి మహాస్తూపం శతాబ్దాల తరబడి దీపాలదిన్నె అనే మట్టిదిబ్బగా మిగిలింది. 18వ శతాబ్దం చివరలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిని తన స్థానంగా చేసుకున్నప్పుడు, కట్టుబడి సామగ్రి కోసం దిబ్బను తవ్వగా చెక్కడపు రాళ్లు బయటపడ్డాయి. ఆ వార్త సర్వే అధికారి కాలిన్ మెకంజీని అక్కడికి రప్పించింది. 1816లో ఆయన మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. మెకంజీ కనీసం బొమ్మలు గీయించాడు. తరువాతివారు రాళ్లనే తీసుకుపోయారు. కొన్నిటిని మచిలీపట్నం సంతవీధికి అలంకారంగా నిలిపారు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసుకు చేరి, 1859లో 121 రాళ్లు లండన్‌కు ఓడ ఎక్కేదాకా, చాలావరకు ఆరుబయటే ఎండకు ఎండి వానకు తడిశాయి.

అమరావతి శిల్పులు వాడినది పలనాటి సున్నపురాయి. మెత్తగా ఉలికి లొంగడమే దాని గుణం, అదే దాని బలహీనత కూడా: వాననీటిలోని కొద్దిపాటి ఆమ్లానికే అది కరుగుతుంది, సముద్రపు గాలిలోని ఉప్పు దాని సన్నని రంధ్రాల్లో గట్టిపడి పైపొరను పెచ్చులుగా లేపుతుంది. చెట్టుకు మేలుచేసే ఎండావానలే ఈ రాతికి చేటు. ఆ సంగతి గ్రహించినప్పుడు ఎంచుకున్న పరిష్కారం కూడా నిర్దోషమైనది కాదు. 1880లలో, రాబర్ట్ సూయల్, జేమ్స్ బర్జెస్‌ల తవ్వకాల్లో దొరికినవి కూడా వచ్చి చేరాక, రాళ్లను శాల గోడల్లో సిమెంటుతో బిగించారు. సిమెంటులోని లవణాలు తేమతోపాటు రాతిలోకి పాకుతాయి గనుక, వాటిని గోడ నుంచి విడదీయడం తరువాతి తరం సంరక్షకుల పని అయింది. ఈ విషయంలో పూర్వపు అధికారుల ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు, వారి తొందరను మాత్రం శంకించవచ్చు.

తోటలో నిలిచి ఉండటానికే పుట్టిన రాయి వేరు. పాత ఫిరంగులను దాటి నడిస్తే కనిపించే గులాబీరంగు జాతీయ కళా ప్రదర్శనశాల, హెన్రీ ఇర్విన్ రూపకల్పనలో విక్టోరియా రాణి స్మారకంగా 1909లో తెరుచుకున్నది, మొగలాయి ద్వారాన్ని తలపించే ముఖద్వారంతో ఉంటుంది. దానికి తొడిగిన ఇసుకరాయి సత్యవేడు నుంచి, అంటే నేటి తిరుపతి జిల్లా నుంచి వచ్చింది. చిత్రమేమంటే, ఆ గట్టిరాతి భవనమే బలహీనపడిందని 2002లో సందర్శకులకు మూసివేశారు.

అమరావతి శాలలో ఎక్కువసేపు నిలవవలసింది రెండుచోట్ల. మొదటిది నలగిరి ఏనుగు పతకం. స్తూపం చుట్టూ ఉండే రాతికంచెను వేదిక అంటారు. దాని కంబాల మీద, సూచులనే అడ్డపట్టెల మీద చెక్కిన గుండ్రని ఫలకాలే పతకాలు. ఈ పతకంలో మదమెక్కి వీధిలో మనుషులను తొక్కుతున్న ఏనుగు, పక్కనే బుద్ధుని పాదాల ముందు మోకరిల్లిన ఏనుగు కనిపిస్తాయి. రెండూ ఒకటే, శిల్పి కాలాన్ని ఒకే చట్రంలో కుదించాడు. మేడల గవాక్షాల నుంచి తొంగిచూసే స్త్రీల బెదురు కూడా వదలలేదు. రెండవది స్తూపాన్నే చిత్రించిన ఫలకం: వేదిక, ద్వారం దగ్గరి సింహాలు, దిక్కుకు ఐదేసి చొప్పున నిలిపిన ఆయక స్తంభాలు, పైన అండం అనే గోళభాగం అందులో వరుసగా ఉన్నాయి. అసలు కట్టడం అమరావతిలో పునాదిగా, చెక్కడాల్లో పెద్దభాగం ఇక్కడా లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ విడివిడిగా ఉండగా, వాటిలో ఏది ఎక్కడ అమరేదో పండితులు నేటికీ ఇలాంటి ఫలకాలను చూసే పోల్చుకుంటారు. మ్యూజియానికి శుక్రవారం సెలవు.