‘ఎంతిస్తుంది?’ అని అడిగే ముందు

మా బడంగ్‌పేట్‌లో కొత్త బండి కొన్నవాళ్లను మొదట అడిగే మాట ‘ఎంతిస్తుంది?’ అనే. ధర, రంగు, పికప్ అన్నీ ఆ తర్వాతే. ఎల్బీనగర్‌కో ఆదిభట్లకో రోజూ బండి మీదే పోయొచ్చే వాళ్లకు లీటర్ లెక్క తప్పితే నెల లెక్కే తప్పుతుంది.

నాన్నది 2009 నాటి కార్బురేటర్ బండి. లీటర్‌కు 65 ఇస్తుంది. నాది బీఎస్-6, 55 దాటదు. నాది 125 సీసీ, బరువూ ఎక్కువే కాబట్టి తేడా కొంత అక్కడిది. అయినా రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే నెలకు మూడొందల దాకా ఎక్కువ ఖర్చు.

‘‘పొగ రూల్స్ అని చెప్పి మన జేబుకే చిల్లు పెడుతున్నరు బిడ్డా’’ అంటాడు నాన్న. మెకానిక్ అన్న ఇంకో అడుగు ముందుకేశాడు. ‘‘తమ్మీ, సైలెన్సర్‌ల కన్వర్టర్ తీసేద్దాం, సెన్సర్ వైరు పీకేద్దాం. మైలేజ్ ఎట్ల రాదో చూస్త!’’

ఆగమన్నాను. అసలు ఆ రెండూ ఏం చేస్తాయో ముందు తెలుసుకోవాలనిపించింది.

ఒక గ్రాము పెట్రోల్ సరిగ్గా కాలడానికి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. పాత బండ్లలో మెకానిక్ కార్బురేటర్ సర్ది పెట్రోల్ కాస్త తగ్గిస్తాడు. మైలేజ్ పెరుగుతుంది. కానీ మిగిలిపోయిన ఆక్సిజన్ ఇంజిన్ వేడికి నైట్రోజన్‌తో కలిసి ‘నాక్స్’ వాయువులు తయారవుతాయి. ఊపిరితిత్తులకు అవి అస్సలు పడవు.

బీఎస్-6 బండికి ఆ వెసులుబాటు లేదు. కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్ ఆవిరి, నాక్స్ మూడింటినీ కన్వర్టర్ ఒకేసారి శుభ్రం చేయాలంటే మిశ్రమం ఆ 14.7 దగ్గరే ఉండాలి. ఆక్సిజన్ సెన్సర్ చూసి చెబుతుంటే ఈసీయూ పెట్రోల్ కొలిచి పంపుతుంది. మైలేజ్ కొంత పోయేది ఇక్కడే. ఫ్యూయల్ ఇంజెక్షన్ వల్ల కొంత తిరిగొస్తుంది కూడా. కన్వర్టర్ తీసేసినా ఈసీయూ లెక్క మారదు కాబట్టి మైలేజ్ పెద్దగా పెరగదు. సెన్సర్ పీకితే ఈసీయూ గుడ్డి లెక్కన పోస్తుంది. చాలాసార్లు బండి ఇంకా ఎక్కువే తాగుతుంది.

ఒకప్పుడు ఈ రూల్స్ ఊరికో తీరుగా ఉండేవి. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో కార్లకు బీఎస్-4 వచ్చింది. మిగతా చోట్ల బీఎస్-3. నగరంలో డీజిల్‌లో గంధకం 50 పీపీఎం మించకూడదు, బయట 350 వరకూ ఫర్వాలేదు. గంధకం కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే ఇంధనం శుభ్రపడనిదే ఇంజిన్ శుభ్రపడదు. 2017లో దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాయి. గంధకం పరిమితి 10 పీపీఎంకు దిగింది.

దేశాల మధ్యా ఇదే కథ. యూరప్ డీజిల్ కార్లకు పెట్రోల్ కార్ల కన్నా ఎక్కువ నాక్స్ అనుమతించింది. మనమూ అదే దారిలో నడిచాం. బీఎస్-4లో కిలోమీటరుకు పెట్రోల్ కారుకు 0.08 గ్రాములైతే డీజిల్‌కు 0.25. మైలేజ్ బాగా ఇచ్చే డీజిల్ కార్లకు అది కలిసొచ్చింది. అమెరికాలో ఏ ఇంధనమైనా పరిమితి ఒక్కటే. అక్కడ పరీక్షలో మాత్రమే శుభ్రంగా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టి 2015లో ఫోక్స్‌వ్యాగన్ దొరికిపోయింది.

నాన్న బండి పొల్యూషన్ చెక్‌లో ఎప్పుడూ పాసే. అక్కడ బైకులకు కొలిచేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లే. పెట్రోల్ తగ్గించి నడిపే బండికి అవి తక్కువే వస్తాయి. నాక్స్ కొలవరు. కొలవకపోయినా రోడ్డు మీదికి వస్తుంది. మా ఇల్లు రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. అమ్మకు ఆస్తమా.

ఇదంతా చెప్పాక నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘‘మరి ఆ మూడొందలు ఎవరిస్తరు?’’ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించడం, ఎయిర్ ఫిల్టర్ టైమ్‌కు మార్పించడం, పెద్ద సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపడం... వీటితో కొంత మిగులుతుంది. మిగతాది నేనే కడతాను. ఇన్‌హేలర్ ఖర్చు కూడా ఇంటి లెక్కలోదే కదా!