చెల్లని నోటు లెక్క

నా చదువంతా ఇంగ్లీషు మీడియం. అరవై దాటాక తెలుగు రాయడం నేర్చుకుంటున్నాను. తప్పులుంటే చెప్పండి. ఈసారి నేను నేర్చుకున్న ఒక్క మాట గురించి రాస్తాను. ఆ మాట: చెల్లడం.

నేను దోహాలో లినక్స్ సర్వర్లు చూసే పని చేస్తాను. మా దగ్గర జగిత్యాల నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉన్నాడు. తెలుగు మీడియంలో చదివాడు. అతని ప్రొబేషన్ ఆ నెలాఖరుకు అయిపోతుంది. ఆదివారం పొద్దున్నకల్లా పన్నెండు వర్చువల్ మెషీన్లు నెట్‌వర్క్ నుంచి బూట్ అయి సిద్ధంగా ఉండాలి. గురువారం సాయంత్రానికి ఒక్కటీ లేవలేదు. మేనేజర్ అడిగితే "నెట్‌వర్క్ ప్రాబ్లం సార్" అని ఊరుకున్నాడు. ఇతనికి పని రాదని నేనూ అనుకున్నాను.

నెట్‌వర్క్ బూట్ అంటే ఇది. మెషీన్ డిస్క్ ఖాళీ. అది "నాకు అడ్రస్ ఎవరిస్తారు?" అని కేక వేస్తుంది. డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రస్‌తో పాటు బూట్ ఫైల్ పేరు కూడా చెబుతుంది. ఆ ఫైల్‌ను మెషీన్ టీఎఫ్‌టీపీతో తెచ్చుకుంటుంది.

తెర మీద "పీఎక్స్ఈ-ఈ16: నో వ్యాలిడ్ ఆఫర్ రిసీవ్డ్" అని ఉంది.

"ఆఫరే రాలేదంటుంది సార్. మూడు గంటల సంది మన సర్వర్ చూస్తున్న. అంతా మంచిగనే ఉంది" అన్నాడు.

"వ్యాలిడ్ అనే మాట చూశావా బాబూ? ఆఫర్ వచ్చింది. కానీ అది..." నాకు తెలుగు మాట దొరకలేదు.

"చెల్లనిదా సార్? చెల్లని నోటు లెక్క?"

అదే! నేను సెలవుల్లో ఊరెళితే గుడిలో హుండీ లెక్కింపు సేవకు కూర్చుంటాను. 2016 నోట్ల రద్దు తర్వాత కూడా పాత 500 నోట్లు కనిపించేవి. నోటు ఉంది, కానీ చెల్లదు.

మరి ఆ ఆఫర్ ఎవరిచ్చారు? టీసీపీడంప్‌తో 67, 68 పోర్టులు చూశాం. జవాబు 192.168.122.1 నుంచి వస్తోంది. అది లిబ్‌వర్ట్ సొంత డిఫాల్ట్ నెట్‌వర్క్. అడ్రస్ ఇస్తుంది, ఫైల్ పేరు ఇవ్వదు. మెషీన్లను దానికి తగిలించాడు. వాటి కేక మన సర్వర్ దాకా వెళ్ళనే లేదు. బ్రిడ్జికి మార్చాం.

ఇప్పుడు ఫైల్ వచ్చింది, అయినా మెషీన్ లేవలేదు. ఈసారి నేను చెప్పలేదు, అతనే కనిపెట్టాడు. "ఇది కూడా చెల్లదు సార్! పీఎక్స్ఈలినక్స్.0 పాత బయోస్‌కు. మనవి యూఈఎఫ్ఐ." మెషీన్ తన రకాన్ని 93వ ఆప్షన్‌లో చెబుతుంది. మా వాటిలో 7 అని ఉంది. 7 వస్తే గ్రబ్ ఈఎఫ్ఐ ఫైల్ ఇవ్వమని సర్వర్‌లో రాశాడు. రాత్రి పదకొండుకు మొదటి మెషీన్ లేచింది.

ఆదివారం మేనేజర్‌కు అతనే ఇంగ్లీషులో చెప్పాడు. మెల్లగా, నాలుగు వాక్యాలు. ఒక్క తప్పు లేదు. నేను నోరు విప్పలేదు. అతనికి రానిది పని కాదు. మాకు ఇద్దరికీ చెరో భాష తక్కువైంది, అంతే.

ఈ వారం అభ్యాసం: చెల్లుతుంది, చెల్లదు, చెల్లింది. నా వాక్యం: "నేను అతని గురించి అనుకున్న మాట చెల్లదు." మీరూ ఒకటి రాయండి.