వాగు ఇసుకలో దొరికిన ప్రశ్న



మాది ఇందల్వాయి పక్క తండా. అమ్మానాన్న ఆర్మూర్ దిక్కు పసుపు తవ్వే పనికి పోతే, మేము పిల్లలం పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి వాగు ఇసుకలో ఈడ్చేవాళ్లం. నల్లపొడి కుచ్చులు కుచ్చులుగా అంటుకునేది. మాకదే ఆట.

డిగ్రీ వైవాలో సారు అడిగిండు: "ఇనుప పొడిని సన్నగా, ఇంకా సన్నగా చేస్తూ పోతే అయస్కాంత గుణం ఏమైతది?" మేము నలుగురం తల దించుకున్నం. "ఇదే తెల్వకపోతే ఫిజిక్స్ ఎందుకు తీసుకున్నరు?" అన్నడు. ఆ రాత్రి హాస్టల్‌లో మాలో ఇద్దరు కోర్సు మార్చుకుంటమన్నరు. ముందు జవాబు వెతుకుదాం, తర్వాత చూద్దాం అనుకుని కూర్చున్నం.

మా వాగులోని నల్లపొడి మాగ్నటైట్, ఇనుప ఖనిజం. దాని రేణువు సుమారు 20 నానోమీటర్ల కంటే చిన్నదైతే, గదిలో ఉండే వేడికే దాని అయస్కాంత దిశ క్షణంలో ఎన్నోసార్లు తిరిగిపోతది. అయస్కాంతం దగ్గరికి తెస్తే గట్టిగా స్పందిస్తది, తీసేస్తే ఏమీ లేనట్టే ఉంటది. దీన్నే సూపర్‌పారామాగ్నెటిజం అంటరు.

అసలు మలుపు పైపొరలో ఉంది. 3 నానోమీటర్ల లోహపు రేణువులో దాదాపు సగం అణువులు పైననే ఉంటయి. వాటికి ఒక దిక్కు పొరుగు అణువులుండవు. పొరుగు తగ్గితే ఇనుప అణువు అయస్కాంత బలం పెరుగుతది: ముద్ద ఇనుములో ఒక్కో అణువుకు 2.2 బోర్ మాగ్నెటాన్లుంటే, కొన్ని పదుల అణువుల గుంపులో 3 దాకా పోతది. రోడియం లోహం ముద్దగా ఉంటే అయస్కాంతం కానే కాదు. పదుల అణువుల గుంపుగా ఉంటే అయస్కాంతమేనని 1993లో తేలింది. కానీ గాలి తగిలితే ఇనుప రేణువు పైపొర తుప్పు పట్టి ఆ బలం పడిపోతది. అందుకే దానికి పూత వేసి కాపాడుతరు.

వెతుకుతుంటే ఇంకో సంగతి దొరికింది. మన జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు ఉక్కు ముద్దలు చేసేవాళ్లు. అందులో ఇలాంటి నల్ల ఇసుక నుంచి తీసిన ఇనుము కూడా వాడేవాళ్లు. పర్షియా వ్యాపారులు ఇక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. అట్లాంటి ఉక్కుతో చేసిన 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోట్యూబులున్నయని 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించిండ్రు.

మరుసటి వారం జవాబు రాసి సారుకిచ్చినం. మొత్తం చదివి, "కూసోండి" అన్నడు. కోర్సు ఎవరం మార్చుకోలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వైవాలో తెల్వకపోతే తెల్వదనే చెప్పుండ్రి, కానీ ఆ ప్రశ్నను అక్కడే వదిలిరాకుండ్రి. సెలవులకు తండాకు వచ్చినప్పుడు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకుని వాగుకు పోండ్రి.