బంగారు కోట దాటిన తరువాత

వర్షకాలంలో ఒక గట్టి వాన కురిసిందంటే చాలు, కలకత్తా వీధులు అనేకం చెరువులవుతాయి. ఏటా సుమారు 1,600 మిల్లీమీటర్ల వర్షపాతం గల ఆ మహానగరంలో నీరంటే సమృద్ధి. ఒక్కొక్కప్పుడు విసుగు కూడాను. అటువంటి నగరవాసులు రెండు వేల కిలోమీటర్లకు పైగా రైలు ప్రయాణం చేసి, ఏటా 200 మిల్లీమీటర్ల వాన అయినా నికరంగా కురవని జైసల్మేరు సీమకు పోయి, ఇసుకతిన్నెల నడుమ ఒక రాత్రి గడిపి రావడం చిత్రంగానే తోస్తుంది. కాని అర్ధ శతాబ్దిగా ఇది వంగీయులకు ఒక ముచ్చట.

ఈ ముచ్చటకు ప్రాణం పోసినవాడు సత్యజిత్ రాయ్. 1969లో విడుదలైన ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’ చిత్రంలోని కొన్ని దృశ్యాలను ఆయన జైసల్మేరులో తీశాడు. 1971లో ‘సోనార్ కెల్లా’, అనగా ‘బంగారు కోట’, అనే నవల వెలువరించి, 1974లో దానినే చలనచిత్రంగా రూపొందించాడు. పూర్వజన్మ స్మృతులు గల ముకుల్ అనే బాలుడు, వానిని ఎత్తుకుపోయిన దుండగులు, వారిని వెంటాడే డిటెక్టివ్ ఫెలూదా, ఒంటె ఎక్కడానికి హడలిపోయే రచయిత జటాయు - వీరితోపాటు, 1156లో రావల్ జైసల్ స్థాపించిన పసుపురాతి దుర్గం వంగదేశంలో ఇంటింటా పరిచయమైంది. నేటికీ ఆ కోటలో యాత్రికులకు ‘ముకుల్ ఇల్లు’ చూపించే గైడ్లు ఉన్నారు.

అయితే కోట చూడడం ఒక ఎత్తు. కోట దాటి ఎడారిలో రాత్రి గడపడం మరొక ఎత్తు.

పట్టణానికి పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సమ్ ఇసుకతిన్నెలు, నైరుతి దిక్కున ఖూరీ గ్రామపు తిన్నెలు ఉన్నాయి. రోడ్డు విడిచిన తరువాత ప్రయాణం ఒంటె మీద. ఒంటె లేచేటప్పుడు ముందుగా వెనుక కాళ్ళు ఎత్తుతుంది. “వెనక్కి వాలండి బాబూజీ!” అని ఒంటెవాడు హెచ్చరించకపోతే కొత్తవాడు దాని మెడ మీదికి తూలవలసిందే. తరువాత ఒంటెవాడు ముకుతాడు చేతబట్టుకొని ముందు నడుస్తాడు. అతడికి దిక్సూచి లేదు, పటం లేదు.

సినిమా చూసి వచ్చినవారు కనుచూపు మేర ఇసుకను ఊహించుకుంటారు. కాని థార్ ఎడారిలో చాలా భాగం గులకనేల, ముళ్ళపొదలు. అక్కడక్కడ నిలిచిన చెట్టును ‘ఖేజ్‌డీ’ అని ఒంటెవాడు చూపిస్తాడు. తెలుగువారు దసరానాడు పూజించే జమ్మి అదే. దాని ఆకు పశువులకు మేత. ‘సాంగ్రీ’ అనే దాని కాయలు మనుషులకు కూర. ఈ చెట్లను నరకనీయక 1730లో జోధ్‌పూరు సమీపాన ఖేజడ్లీ గ్రామంలో 363 మంది బిష్ణోయీలు ప్రాణాలర్పించారు. చెట్టు కోసం ప్రాణమివ్వడం నగరవాసికి అతిశయోక్తిగా వినిపించవచ్చు. ఎండలో మూడు గంటలు నడిచి దాని నీడన కూర్చున్న తరువాత ఆ మాట వినడం వేరు.

సూర్యుడు దిగగానే తిన్నె చాటున చిన్న నెగడు వెలుగుతుంది. సజ్జరొట్టె, సాంగ్రీ కూర సిద్ధమవుతాయి. భోజనమయ్యాక అతిథి అలవాటు చొప్పున చెంబెడు నీళ్ళు కుమ్మరించి చేతులు కడుగుకుంటాడు. ఒంటెవాడు ఏమీ అనడు. పళ్ళాలు, గిన్నెలు మాత్రం పొడి ఇసుకతో పరపర తోమి, గుడ్డతో తుడిచి బోర్లిస్తాడు. నీటిచుక్క తగలకుండానే అవి తళతళలాడతాయి. ఆ ఎడారి రాత్రి నేర్పే మొదటి పాఠం ఇదే.

“ఇంత ఇసుకలో నీరెక్కడిది భాయీ?” అని అడిగితే అతడు చెప్పే సంగతి తరతరాల విజ్ఞానం. ఈ సీమలో నీరు మూడు విధాలు. వాన నుంచి నేరుగా పట్టుకొనేది ‘పాలర్’. లోతైన బావులలో ఊరేది ‘పాతాళ్’, అది తరచు ఉప్పన. ఈ రెండింటికీ నడుమ ఇసుకలో తేమగా దాగినది ‘రెజాణీ’. కొన్ని చోట్ల ఇసుక అడుగున జిప్సం పొర పరచుకొని ఉంటుంది. ఇంకిన వాననీరు ఆ పొర మీద ఆగి, కిందనున్న ఉప్పునీటిలో కలవదు. అక్కడ మనిషి పట్టేంత ఇరుకుగా ‘కుయీ’ తవ్వితే, ఇసుకలోని తేమ బొట్టుబొట్టుగా ఊరి, రోజుకు రెండు మూడు కుండల తీపినీరు ఇస్తుంది. 15వ శతాబ్దిలో పాలీవాల్ బ్రాహ్మణులు రాతినేలల మీది వాననీటిని కట్టలతో పల్లపు పొలాలలో నిలిపి, అది ఇంకిన పదునులో గోధుమ, శనగ పండించారు. ఆ ‘ఖడీన్’ సేద్యం నేటికీ జీవించి ఉంది.

నెగడు ఆరిన తరువాత చలి విజృంభిస్తుంది. పొడిగాలిలో ఇసుక తన వేడినంతా త్వరగా విడిచివేస్తుంది. శీతకాలంలో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు కూడా దిగవచ్చు. పొగమబ్బుల కింద పెరిగిన నగరవాసి కంబళి కప్పుకొని పైకి చూస్తే, పిల్లలకోడి నక్షత్రాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. ఒంటెవాడికి అవి వినోదం కాదు. ధ్రువుణ్ణి బట్టి దిక్కు, తక్కిన చుక్కల నడకను బట్టి జాము తెలుసుకుంటాడు. ఒంటెల మెడగంటలు అప్పుడప్పుడు మోగుతుంటే, అవి ఎంత దూరం మేతకు పోయాయో నిద్రలోనే గ్రహిస్తాడు.

తెల్లవారగానే ఇసుక ఒక దినపత్రికలా విప్పుకొని ఉంటుంది. పేడపురుగు నడిచిన సన్నని కుట్టుగీత, నక్క అడుగులు, ఏటవాలుగా పాకిన విషసర్పపు చారలు - ఒంటెవాడు అన్నీ చదివి వినిపిస్తాడు. తన ఒంటె అడుగును పది ఒంటెల అడుగులలో గుర్తుపడతాడు.

ఈ చదువు ఎంతకాలం నిలుస్తుందన్నదే ప్రశ్న. 1958లో ఆరంభమై, 1984లో ఇందిరాగాంధీ పేరు పెట్టుకొన్న కాలువ హిమాలయ నదుల నీటిని ఈ సీమకు తెచ్చింది. ఆడవారి తలల మీది కడవల బరువు తగ్గింది. అది చిన్న మేలు కాదు. కాని కుళాయి వచ్చిన పల్లెలో కుయీ బాగోగులు చూసేవారు తగ్గుతారు. జీపు వచ్చిన చోట ఒంటెకు పనిలేదు. 2012లో దేశంలో సుమారు 4 లక్షలున్న ఒంటెలు 2019 గణన నాటికి రెండున్నర లక్షలకు పడిపోయాయి. 2014లో రాజస్థాన్ ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. మరుసటి ఏడు చేసిన చట్టం దాని వధను నిషేధించి, రాష్ట్రం దాటించడంపై ఆంక్షలు పెట్టింది. అమ్మకం కుంటుపడి ఒంటెను పోషించడమే బరువైందని పెంపకందారులు మొరపెట్టుకొన్నారు.

మరి ఒంటెను మేపుతున్నదెవరు? సమ్ తిన్నెల వద్ద చాలా మటుకు యాత్రికులే. అక్కడ నేడు రెండు రకాల రాత్రులు దొరుకుతాయి. ఒకటి వరుస గుడారాలు, విద్యుద్దీపాలు, లౌడ్‌స్పీకర్ పాటలు, ఇసుక మీద జీపు పరుగులు. రెండవది ఒక ఒంటె, ఒక నెగడు, దారి తెలిసిన ఒక మనిషి. మొదటిదానికి గిరాకీ పెరిగితే ఒంటెవాడి కొడుకు జీపు నడపడం నేర్చుకుంటాడు. అందులో అతడి తప్పేమీ లేదు. రెండవదానిని కోరేవారు ఏటా కొందరైనా వస్తే, అతడు తండ్రి వెంట నడిచి చుక్కలను, అడుగులను, మూడు విధాల నీటిని నేర్చుకుంటాడు.

ఉదయం బయలుదేరే ముందు ఒంటెవాడు బూడిదను ఇసుకతో కప్పి, నీళ్ళ తిత్తిని చేత్తో తూచి చూస్తాడు. క్రితం రాత్రి చెంబెడు నీళ్ళు కుమ్మరించిన అతిథి, ఈసారి దోసెడు నీటితో ముఖం తుడుచుకొని, మిగిలినది తిత్తిలో పోయమని అందిస్తాడు. ఒంటెవాడు అప్పుడూ ఏమీ అనడు. తిత్తి మూతి బిగించి, ముకుతాడు అందుకుంటాడు.